భవనాశిలో మునిగిన రాళ్లు: మూడు ప్రింట్ల కేస్ స్టడీ

కర్నూలులో ఒక క్లినిక్ వెయిటింగ్ హాలు గోడకు మూడు ఫొటోలు కావాలి. ఒక్కోటి 36×24 అంగుళాలు. కొండవాగు, తేటనీరు, నీళ్లలో మునిగిన రాళ్లు, అంతే. జలపాతం వద్దు, గుడి వద్దు, మనుషులు వద్దు. కూర్చున్నవాళ్లు రాళ్లు లెక్కపెట్టుకునేలా ఉండాలన్నది షరతు. చెప్పినంత తేలిక పని కాదిది. కంటికి అద్దంలా కనిపించిన నీరు ఫొటోలో పాలిపోయిన బూడిదరంగు పొరలా రావడం తేటనీటి ఫొటోగ్రఫీలో మామూలే. ఆ పొర ఎక్కడినుంచి వస్తుంది, దాన్ని తీయడానికి ఏం చేయాలి అన్నదే ఈ రాతలో ఎక్కువ భాగం.

చోటు, కాలం

పాత కర్నూలు జిల్లాలో ఏడాదిలో కొన్ని నెలలైనా తేటగా పారే కొండనీరు కావాలంటే నల్లమలకే వెళ్లాలి. తుంగభద్ర, హంద్రీ ఇసుక నదులు. రాళ్లు తేలినచోట నీళ్లుండవు, నీళ్లున్నచోట రాళ్లు కనపడవు. ఎంచుకున్నది ఎగువ అహోబిలం పైన భవనాశి వంక. దిగువ అహోబిలం నుంచి ఎగువకు 8 కిలోమీటర్లు. అక్కడినుంచి గరుడాద్రి, వేదాద్రి మధ్య ఇరుకు లోయలో, జ్వాలా నరసింహస్వామి దారి పొడుగునా వంక పక్కనే ఉంటుంది. 2022 ఏప్రిల్ నుంచి ఇది నంద్యాల జిల్లా.

ఇక్కడి రాయి ఫొటోకు అనుకూలం. గోడల్లా నిలబడ్డ కొండలు క్వార్ట్‌జైట్. ఇసుకరాయి భూగర్భంలో వేడికీ ఒత్తిడికీ గట్టిపడిన రూపం. విరిగినచోట తెల్లగానో లేత గులాబీగానో ఉంటుంది, గాలికీ నీటికీ తడిసి ఎండినచోట ఇనుము తుప్పు పట్టి ఇటుక రంగుకు తిరుగుతుంది. మధ్యలో నల్లటి పలకరాయి ముక్కలు, అక్కడక్కడ పాలలాంటి పలుగురాళ్లు. పిల్లలు రాసుకునే మార్కాపురం పలకలు ఈ నల్లమల తూర్పు అంచు రాయే. తెలుపు, ఎరుపు, నలుపు ఒకే గుంటలో దొరికితే ఫ్రేముకు వేరే అలంకారం అక్కర్లేదు.

కాలం విషయంలో తొందరపడితే పని చెడుతుంది. వానలు పడుతుండగా వంక ఎర్రగా ఉంటుంది. ఈశాన్య రుతుపవనాల జోరు తగ్గాక, నవంబరు చివరినుంచి జనవరి దాకా పారుదలా ఉంటుంది, తేటా ఉంటుంది. ఫిబ్రవరి దాటితే పారుదల సన్నగిల్లి గుంటల్లో పాచి పెరుగుతుంది. పాచి పట్టిన రాయి దగ్గరనుంచి బాగానే ఉంటుంది గానీ, పెద్ద ప్రింటులో అన్ని రాళ్లూ ఒకే మురికి ఆకుపచ్చలో కలిసిపోతాయి.

తేటదనాన్ని కంటితో చూసి నమ్మొద్దు. తెల్లటి స్టీలు ప్లేటు ఒకటి మోకాలిలోతు నీళ్లలో అడుగున పెట్టి, నిలబడి చూడాలి. అంచు కత్తితో గీసినట్టు కనిపిస్తే సరే. అంచు చుట్టూ పొగలాంటి వలయం ఉందంటే నీటిలో సన్నటి మట్టి తేలుతోందని అర్థం. ఆ రోజు తీసినా కంప్యూటరు ముందు ఏడవడమే. గట్టి వాన తర్వాత కనీసం 3, 4 రోజులు ఆగాలి.

రోజు ఎంపిక కూడా ముఖ్యమే. స్వాతి నక్షత్రం రోజు, శనాది వారాలు, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల రోజులు పనికిరావు. భక్తులు స్నానం చేసినచోటికి దిగువన షాంపూ నురగ గంటలకొద్దీ గుంటల్లో తిరుగుతుంది. అందుకే ఎప్పుడైనా జనం దిగే చోటికి ఎగువకు నడవాలి. ఇది అడవిశాఖ నేల కూడా, వాళ్లు చెప్పిన దారి, చెప్పిన వేళ దాటొద్దు. డ్రోన్ ఆలోచన ఇంటి దగ్గరే వదిలేయాలి.

మొదటి రోజు ఎందుకు పోయింది

మొదటి రోజు షూటింగ్ ఉదయం 11 నుంచి 2 దాకా సాగింది. ఎండ నిలువుగా నీళ్లలోకి దిగుతుంది కాబట్టి అడుగు బాగా కనిపిస్తుందన్న లెక్క. కంటికి నిజంగానే కనిపించింది. ఫైళ్లలో మాత్రం మూడు రకాల చెడు బయటపడింది.

ఒకటి, ఎండ గీతలు. నీటి పైన ప్రతి చిన్న అలా భూతద్దంలా పనిచేసి, అడుగున వలలాంటి వెలుగు గీతలు వేస్తుంది. పదిహేను, ఇరవై సెంటీమీటర్ల లోతులో 1/500 సెకను పెడితే ఆ వల అందంగానే ఉంటుంది, అదొక వేరే ఫొటో. ఇక్కడ కావలసింది రాళ్ల ఆకారం. ఆ వల రాళ్ల అంచుల్ని తెగ్గొట్టేసింది.

రెండు, వెలుగు తేడా. ఎండలో ఉన్న పలుగురాయి పూర్తిగా తెల్లబోయి, పక్కనున్న పలకరాయి నల్లటి గుంటలా మిగిలింది. పలుగురాయిని కాపాడేలా ఎక్స్‌పోజర్ తగ్గిస్తే మిగతాదంతా చీకటి.

మూడోది అసలైన జబ్బు. 16 ఎంఎం వైడ్ లెన్సుకు పోలరైజర్ (లెన్సు ముందు తిప్పుతూ నీటి మెరుపు తగ్గించే ఫిల్టరు) బిగించి తీశారు. ఫ్రేము కింద సగం తేటగా, పై సగం తెల్లటి మెరుపుతో వచ్చింది. పోలరైజర్‌ను ఎంత తిప్పినా పై సగం దారికి రాలేదు. ఫిల్టరు మంచిది కాదేమో అనుకోవడం సహజం. ఫిల్టరులో లోపం లేదు, కోణంలో ఉంది.

మెరుపు లెక్క

నీటిని నిటారుగా పైనుంచి చూస్తే పైపొర దాదాపు 2 శాతం వెలుగునే తిప్పికొడుతుంది. నిలువు గీతనుంచి 53 డిగ్రీలు వాలుగా చూస్తే సుమారు 4 శాతం. 72 డిగ్రీలకు అది 16 శాతం అవుతుంది. ఇంకా వాలితే నీరు అద్దమే.

నాలుగు శాతం ఎంత, పట్టించుకోనక్కర్లేదు అనిపిస్తుంది. మోసం అక్కడే. నీడలో, నీళ్లకింద ఉన్న నల్లటి పలకరాయి తన మీద పడిన కొద్ది వెలుగులో ఏ 5 శాతమో 10 శాతమో వెనక్కి పంపుతుంది. నీటిమీద తిరుగుతున్న ఆ 4 శాతం మాత్రం నేరుగా ఆకాశానిది, ఆకాశం ఆ రాయికన్నా ఎన్నో రెట్లు కాంతివంతం. రెండూ దాదాపు సమానమైపోతాయి. ఫొటోలో కనిపించే బూడిద పొర మురికీ కాదు, లెన్సు లోపమూ కాదు. రాయి మీద పరిచిన ఆకాశమది. తేటనీటి రాళ్ల ఫొటో అంటే సగం పని ఆకాశాన్ని నీటిమీంచి దించడమే.

53 డిగ్రీల దగ్గర తిరిగివచ్చే వెలుగంతా ఒకే దిశలో కంపిస్తుంది, పోలరైజర్ దాన్ని దాదాపు పూర్తిగా ఆపగలదు. దీన్నే బ్రూస్టర్ కోణం అంటారు. ఆ కోణం టాంజెంట్ విలువ నీటి వక్రీభవన గుణకం 1.33తో సమానం కాబట్టి వంక దగ్గర వాడుకోవడానికి సులువైన లెక్క దొరుకుతుంది: కెమెరా నీటిపైన ఎంత ఎత్తులో ఉందో, దానికి మూడింట నాలుగు వంతుల దూరంలో నీటిమీద ఉన్న చోటు బ్రూస్టర్ చోటు. 90 సెంటీమీటర్ల ఎత్తుకు 120 సెంటీమీటర్ల దూరం. వాలుగీత పొడవు 150. పునాదికి మూలమట్టం చూసే మేస్త్రి వాడే 3-4-5 లెక్కే ఇది, టేపు చాలు.

ఇప్పుడు మొదటి రోజు తప్పు తెలుస్తుంది. 16 ఎంఎం లెన్సు చాలా వెడల్పాటి కోణాలు చూస్తుంది. అడుగు అంచు దాదాపు నిటారుగా, పై అంచు నీటిని చదునుగా తాకుతూ పోతుంది. పై అంచు దగ్గర పోలరైజర్ చేయగలిగింది తక్కువ. 35 ఎంఎం లెన్సుకు వస్తే నిలువు కోణం 38 డిగ్రీలు. బ్రూస్టర్ చోటును ఫ్రేము నడిమధ్య పెడితే పై అంచు 72 డిగ్రీలకు పోతుంది. అక్కడ పోలరైజర్ పూర్తిగా తిప్పినా ఇంకా 7 శాతం దాకా మెరుపు మిగులుతుంది. అందుకని కెమెరాను ఇంకో 6 డిగ్రీలు కిందికి వంచి, బ్రూస్టర్ చోటు పైనుంచి మూడో వంతు గీత మీద పడేలా పెట్టాలి. పై అంచు 66 డిగ్రీలకు దిగుతుంది, మిగిలే మెరుపు 2 శాతం. ఆరు డిగ్రీలకే ఇంత తేడా వస్తుందంటే నమ్మబుద్ధి కాదు, ఒకసారి వంచి చూడాల్సిందే. మూడు ప్రింట్లూ ఈ అమరికతోనే వచ్చాయి.

నల్ల గొడుగు

పోలరైజర్ తీసేయగా మిగిలినదానికి ఖరీదైన పరికరమేదీ లేదు, నల్ల గొడుగుంది. నీరు దేన్ని తిప్పికొడుతుందో అక్కడ చీకటి పెడితే, తిరిగొచ్చేదీ చీకటే. గొడుగును కెమెరా పైన పట్టుకోవడం అందరూ చేసే పొరపాటు. అక్కడ అది నీడ మాత్రమే ఇస్తుంది. పట్టాల్సింది ఎదురుగా: ఫొటో తీస్తున్న చోటికి అవతలివైపు, కెమెరా నీటివైపు ఎంత వాలుగా చూస్తోందో అంతే వాలుగా పైకి. ఒక గొడుగు ఫ్రేము మొత్తానికి చాలదు. రెండు మీటర్ల నల్లగుడ్డను రెండు కర్రలకు కట్టి ఇద్దరు పట్టుకుంటే సరిపోతుంది. గుడ్డ అంచు నీటిలో గీతలా కనిపిస్తుంది కాబట్టి, షట్టరు తెరిచి ఉన్నంతసేపూ గుడ్డను జానెడు మేర మెల్లగా ఊపుతుండాలి. గీత కరిగిపోతుంది. గుడ్డ అడ్డం వల్ల రాయిమీద పడే వెలుగు కూడా కొంత తగ్గుతుంది, ఎక్స్‌పోజర్ ఆ మేరకు పెంచాలి.

లోయే గొడుగు పట్టే చోట్లు వెతుక్కోవడం ఇంతకన్నా మేలు. ఎదురుగా నిటారు కొండ ఉండి, దానిమీద ఎండ పడకుండా ఉంటే నీటిలో దాని చీకటే తిరుగుతుంది. భవనాశి గొప్పతనం ఇదే: లోయ ఇరుకు, గోడలు ఎత్తు. డిసెంబరులో పొద్దు 6:30 ప్రాంతంలో పొడిచినా, వంక అడుగుకు ఎండ దిగడానికి చాలాసేపు పడుతుంది. ఆ నీడ సమయంలో చోటు ఎంచుకునేటప్పుడు ముందు రాళ్లను చూడకూడదు. తల ఎత్తి ఎదుటి గోడను చూడాలి. గోడ బాగుంటే రాళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతాయి. రాళ్లు ఎంత బాగున్నా ఎదుట ఖాళీ ఆకాశం ఉంటే ఆ చోటు వదిలేయాలి.

మూడో ప్రింటుకు ఈ సూత్రాన్నే తిరగేశారు. వంక నీడలో ఉండగా ఎదుటి క్వార్ట్‌జైట్ గోడ పైభాగానికి ఎండ తగిలింది. ఆ ఎర్రటి కాంతి నీటిలో బంగారు పొరలా పరుచుకుంది. అప్పుడు పోలరైజర్‌ను పూర్తిగా కాక, సగానికి తిప్పారు. కింది వైపు రాళ్లు, పై వైపు బంగారం. క్లినిక్ గోడకు తగిలించాక అందరూ ముందు చూసేది ఈ ఫొటోనే.

పోలరైజర్‌ను చివరిదాకా తిప్పితే ఇంకో చిక్కుంది. మెరుపు మొత్తం పోయాక నీరు ఉన్నట్టే తెలియదు, తడి రాళ్లు నేలమీద పరిచినట్టు ఉంటుంది. ఒక మూల కాస్త మెరుపు, ఒక ఆకు తేలుతున్న నీడ, ఒక అల గీత మిగలాలి. మొదటి ప్రింటుకు పూర్తిగా తిప్పిన ఫ్రేమునూ, పది డిగ్రీలు వెనక్కి తిప్పిన ఫ్రేమునూ పక్కపక్కన పెట్టి చూసి, రెండోదే ఎంచుకున్నారు.

అలలు, షట్టరు, పదహారు ఫ్రేములు

నీడలో ఐఎస్‌ఓ 100 (సెన్సరు సున్నితత్వం), ఎఫ్/11 (లెన్సు రంధ్రం సైజు), పోలరైజర్‌తో కలిపి షట్టరు 1/4 నుంచి 1 సెకను మధ్య తేలింది. పోలరైజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుగు తింటుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగానికి పడిపోవడం), అది లెక్కలో పెట్టుకోవాలి.

1/125 దగ్గర అల గడ్డకట్టి, దాని కింద రాయి వంకర తిరిగినట్టు వస్తుంది. అర సెకను దగ్గర అల సగటైపోయి రాయి నిలకడగా కనిపిస్తుంది, అంచులు మాత్రం కాస్త మెత్తబడతాయి. జానెడు లోతు దాకా ఇది ఇబ్బంది కాదు. మోకాలిలోతు గుంటలో మెత్తదనం పెద్ద ప్రింటులో బయటపడుతుంది, ఎందుకంటే లోతు పెరిగేకొద్దీ అదే అల రాయి రూపాన్ని ఎక్కువ జరుపుతుంది.

రెండో ప్రింటు అలాంటి లోతు గుంట. అక్కడ ఐఎస్‌ఓ 400, 1/15 సెకను పెట్టి, సెకనుకు ఒకటి చొప్పున 16 ఫ్రేములు తీశారు. ఫోటోషాప్‌లో వాటిని లేయర్లుగా తెరిచి, ఒక స్మార్ట్ ఆబ్జెక్ట్‌గా కలిపి, స్టాక్ మోడ్‌లో మీడియన్ (ప్రతి చుక్కకూ అన్ని ఫ్రేముల్లోని మధ్య విలువ) ఇచ్చారు. ఒకటి రెండు ఫ్రేముల్లో మాత్రమే వచ్చిన మెరుపు చుక్కలు మాయమవుతాయి, ఎక్కువ ఫ్రేముల్లో ఉన్న రాయి మిగులుతుంది. నాయిస్ కూడా బాగా తగ్గుతుంది. సెకను విరామం ఎందుకంటే, చకచకా తీస్తే ఒకే అల సగానికి పైగా ఫ్రేముల్లో ఉండిపోతుంది, మీడియన్ దాన్ని రాయిగా లెక్కగడుతుంది. పారుదల జోరుగా, నురగ ఉన్నచోట ఈ పద్ధతి దండగ.

ఫోకస్ స్టాకింగ్ (వేర్వేరు దూరాలకు ఫోకస్ చేసిన ఫ్రేముల్ని అతికించడం) మాత్రం వద్దు. ఒక్కో ఫ్రేములో రాయి అంచు ఒక్కోచోట ఉంటుంది కాబట్టి అతుకుల దగ్గర రెండేసి అంచులు వస్తాయి.

ఫోకస్

ఆటోఫోకస్ నీటి పైపొరను పట్టుకుంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఎక్కువసార్లు నీటిలో కనిపించే ఎదుటి చెట్టును పట్టుకుంటుంది, ఆ ప్రతిబింబం ఫోకస్ దూరం చెట్టు దాకా ఉన్న మొత్తం దూరం. అప్పుడు రాళ్లు పూర్తిగా మసక. అందుకే వరస ఇలా ఉండాలి: ముందు పోలరైజర్ తిప్పి మెరుపు తీసేయాలి, తర్వాత లైవ్ వ్యూలో పది రెట్లు పెంచి రాయి మీద చేత్తో ఫోకస్, ఆ తర్వాతే పోలరైజర్‌ను కావలసినంత వెనక్కి. వరస తిరగబడితే ఫోకస్ పోతుంది.

టేపు కొలిచి లెన్సు మీద దూరం పెట్టడం కూడా కుదరదు. నీటిలో 40 సెంటీమీటర్ల లోతున్న రాయి పైనుంచి చూస్తే 30 సెంటీమీటర్ల లోతున ఉన్నట్టు కనిపిస్తుంది, కెమెరా చూసేది ఆ కనిపించే రాయినే.

35 ఎంఎం, ఎఫ్/11, ఫోకస్ 1.5 మీటర్లు. పుస్తకాల లెక్క ప్రకారం 1.07 నుంచి 2.5 మీటర్ల దాకా స్పష్టత ఉండాలి. ఆ లెక్క చిన్న ప్రింట్లకు. 36 అంగుళాలకు 1.2 నుంచి 2 మీటర్ల దాకే నమ్మాలి. కెమెరాను కిందికి వంచడం ఇక్కడా అక్కరకొచ్చింది, ఫ్రేము పై అంచు 2.2 మీటర్ల దగ్గరే ఆగిపోయింది. ఎఫ్/16 దాటితే డిఫ్రాక్షన్ (ఇరుకు రంధ్రంలో వెలుగు చెదరడం) వల్ల మొత్తం ఫ్రేమే మెత్తబడుతుంది.

కాళ్లు, ట్రైపాడ్

పాచి పట్టిన బండ మీద ఏ బూటూ నిలవదు. బూటు మీదుగా పాత ఉన్ని సాక్సు తొడిగితే పట్టు వస్తుంది, చూసినవాళ్లు నవ్వినా సరే. ట్రైపాడ్ అడుగు కాళ్లు సన్నగా ఉంటాయి, పారే నీటిలో సన్నగా వణుకుతాయి. అర సెకను షట్టరులో ఆ వణుకే ఫొటోను పాడు చేస్తుంది. వీలైతే మూడు కాళ్లూ బండమీదే ఉండాలి, లేదంటే నీటిలో ఒక్క కాలే. తిరిగొచ్చాక లాకులు విప్పి మంచినీళ్లతో కడగాలి, క్వార్ట్‌జైట్ ఇసుక మరల్ని అరగదీస్తుంది. బ్యాగు జిప్పులు మూసి ఉంచాలి, కోతులకు లెన్సు క్యాపులంటే మహా ఇష్టం. పైన కొండల్లో వాన మబ్బు కమ్మితే, ఇక్కడ చినుకు లేకపోయినా వంకలోంచి లేచి వచ్చేయాలి.

ఫ్రేము బాగుండాలని రాళ్లు జరపలేదు. నీతి సంగతి అలా ఉంచితే, జరిపిన రాయి కిందినుంచి లేచిన మట్టి అరగంట దాకా గుంటను తేటపడనివ్వదు. రాయి అడుగుభాగం రంగు కూడా వేరు. ఎంత బాగా పెట్టినా పెట్టిన రాయి పెట్టినట్టే కనిపిస్తుంది.

రంగు, ప్రింటు

ఫైళ్లు నీలంగా వచ్చాయి. నీరే నీలం చేసిందనుకుంటారు. రెండడుగుల నీరు అంత పని చేయదు. నీడలో రాళ్లమీద పడే వెలుగు ఆకాశానిది, నీలం దానిదే. వైట్ బ్యాలెన్స్ 6500 నుంచి 7000 కెల్విన్‌కు పెంచాలి. చెట్ల కింద తీసిన ఫ్రేముల్లో పచ్చ కూడా చేరుతుంది, టింట్‌ను మెజెంటా వైపు 10 దాకా జరిపారు. నీటి గట్టున రంగు సరిచూసుకునే గ్రే కార్డు ఒకటి పెట్టి ఒక ఫ్రేము తీసుకుని ఉంటే ఈ వెతుకులాట తప్పుతుంది.

మునిగిన రాళ్లలో కాంట్రాస్ట్ తక్కువ. శాచురేషన్ పెంచితే తుప్పు రంగు కుంకుమ రంగవుతుంది, అది అబద్ధం. కాంట్రాస్ట్ పెంచే క్లారిటీ, డీహేజ్ స్లైడర్లు 15 దాకా, అదీ నీటి భాగానికే మాస్కు వేసి. గట్టుమీది పొడి రాళ్లకు ఇది తగిలితే పొగరంగు అంచులు పుడతాయి.

24 మెగాపిక్సెల్ ఫైలు 36 అంగుళాలకు సాగితే అంగుళానికి సుమారు 167 పిక్సెళ్లు. ఐదారు అడుగుల నుంచి చూసే గోడకు అది సరిపోతుంది. దగ్గరగా కుర్చీలు వేసే గది అయితే మూడు నిలువు ఫ్రేములు అతికించడం మేలు. అలా అతికించాలంటే ఫ్రేముల మధ్యలో పోలరైజర్‌ను తాకొద్దు.

ముందు ఎ4 కాగితం మీద నల్ల పలకరాళ్లున్న ముక్క ఒకటే ప్రింటు తీసి చూశారు. మ్యాట్ కాగితం నీడల్ని మింగేసింది, ఫైల్లో నీడల్ని ఇంకొంచెం లేపి రెండోసారి తీయాల్సి వచ్చింది. మెరిసే కాగితం మీద, అద్దం ఫ్రేములో అదే ముక్క ఎంతో గొప్పగా ఉంది. కానీ ఆ హాల్లో కుర్చీలకు ఎదురుగా ట్యూబులైట్లున్నాయి. వంక దగ్గర నల్లగుడ్డ పట్టి తీసేసిన మెరుపును అద్దం కొని మళ్లీ తెచ్చుకోవడం దేనికని, మూడింటినీ మ్యాట్ కాగితం మీదే వేసి, అద్దం లేకుండా చెక్క ఫ్రేము కట్టించారు. పలుగురాయి ఎక్కువున్న ఫ్రేమును కిటికీకి దూరంగా, నల్లరాళ్ల ఫ్రేమును కిటికీ దగ్గర తగిలించారు.